నోరులేని రోగికి ఇంటి వైద్యం: హద్దులు ఎక్కడ?

పెంపుడు జంతువుల నొప్పికి ఆయుర్వేదం పనిచేస్తుందా అని అడిగేవారికి ఒక్క మాటలో సమాధానం చెప్పడం సాధ్యం కాదు. కుక్కకా, పిల్లికా, ఆవుకా అని ముందుగా ఎదురు ప్రశ్న వేయవలసి ఉంటుంది. ఆ తరువాత నొప్పి ఎక్కడ, ఎప్పటినుంచి, ఎవరు చూశారు, ఇప్పటికే ఏ మందు వాడుతున్నారు అన్న ప్రశ్నలు వస్తాయి. ఇవేవీ అడగకుండా పసుపు తినిపించండి, ఫలానా తైలం రాయండి అని సలహా చెప్పేవారు నేడు వీధికొకరు కనిపిస్తున్నారు. మరొకవైపు, మూలికల పేరు ఎత్తగానే పెదవి విరిచే పశువైద్యులూ ఉన్నారు. ఈ రెండు ధోరణులూ సరికావని నా అభిప్రాయం. అల్లోపతి నొప్పిమందులను, ఇంటి ఉపచారాలను, కొన్ని మూలికలను కలుపుకొని చేసే సమన్వయ చికిత్స మూగజీవాలకు నిజంగా మేలు చేయగలదు. అయితే ఆ సమన్వయానికి ఒక క్రమం ఉంది. ఆ క్రమం తప్పితే మేలు చేయబోయి కీడు చేసినవారమవుతాము.

జంతువులకు వైద్యం చేయడం మనకు కొత్త విద్య కాదు. క్రీస్తుపూర్వం మూడవ శతాబ్దంలోనే అశోక చక్రవర్తి తన రెండవ శిలాశాసనంలో మనుష్యులకూ, పశువులకూ వేరువేరుగా చికిత్సా సదుపాయాలు ఏర్పరచినట్లు, ఓషధులు లేనిచోట వాటిని తెప్పించి నాటించినట్లు చెప్పుకొన్నాడు. ఆ శాసన పాఠం మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండలమీద కూడా ఉంది. పాలకాప్య ముని అంగరాజైన రోమపాదునికి ఉపదేశించినట్లుగా సాగే హస్త్యాయుర్వేదం కేవలం ఏనుగుల వైద్యానికి సంబంధించిన బృహద్గ్రంథం. అందులో శస్త్రచికిత్సకు ప్రత్యేకంగా ఒక స్థానమే కేటాయించారు. అశ్వ వైద్యానికి శాలిహోత్రుని పేరు, నకులుని పేరు, జయదత్తసూరి రచించిన అశ్వవైద్యకం ప్రసిద్ధాలు.

ఈ గ్రంథాల పేర్లను గర్వంగా వల్లించేవారు ఒక ముఖ్యమైన సంగతిని గమనించరు. మనుష్యులకు చరక, సుశ్రుత సంహితలు ఉండగా ఏనుగుకు వేరే శాస్త్రం, గుర్రానికి వేరే శాస్త్రం ఎందుకు రాయవలసి వచ్చింది? మనిషికి ఇచ్చే మందునే బరువును బట్టి హెచ్చించి ఏనుగుకు ఇస్తే సరిపోతుందని మన పూర్వులు అనుకోలేదు. ప్రతి జాతికీ తనదైన ప్రకృతి, ఆహారం, రోగం, ఔషధం ఉంటాయని వారు ఎరుగుదురు. కనుక మన నానమ్మకు మోకాళ్ల నొప్పులకు పనిచేసిన చూర్ణాన్నే ఇంట్లోని పిల్లికీ చిటికెడు పెట్టడం సంప్రదాయాన్ని పాటించడం కానేకాదు.

ఈనాటి శాస్త్రం కూడా ఇదే మాట మరింత గట్టిగా చెబుతున్నది. మన ఇళ్లలో జ్వరానికీ, తలనొప్పికీ వాడే పారాసెటమాల్ మాత్రనే తీసుకొందాము. అనేక ఔషధ ద్రవ్యాలను కాలేయంలో గ్లూకురానిక్ ఆమ్లంతో జతపరచి నిరపాయకరంగా బయటకు పంపే ప్రక్రియ మనిషిలో బలంగానూ, పిల్లిలో అతి బలహీనంగానూ ఉంటుంది. అందుచేత మనకు సాధారణమైన ఒక్క మాత్ర పిల్లి ప్రాణం తీయడానికి చాలును. రక్తం ప్రాణవాయువును మోసే శక్తిని కోల్పోతుంది, చిగుళ్లు గోధుమరంగుకో, నీలిరంగుకో తిరుగుతాయి, ముఖం, పాదాలు వాస్తాయి, ఊపిరి ఆడదు. ఆ స్థితిలో దానిని వెంటనే ఆసుపత్రికి చేర్చి విరుగుడు ఇప్పించాలి తప్ప ఇంట్లో చేయగలిగినదేమీ లేదు. కుక్కలకు ఇబుప్రొఫెన్ ఇస్తే జీర్ణాశయంలో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. పిల్ల కుంటుతున్నదని జాలిపడి మందుల పెట్టె తెరిచే ప్రతి ఇల్లాలూ, ప్రతి ఇంటి యజమానీ ఈ రెండు పేర్లను గుర్తుంచుకోవాలి.

జాతిభేదం ఎంత ఘోరమైన ఫలితాలకు దారితీయగలదో మన దేశమంతా చూసింది. పశువుల నొప్పికి, వాపుకు వాడిన డైక్లోఫెనాక్ ఆవుకూ మనిషికీ ఉపశమనమే ఇచ్చింది. కాని ఆ మందు వాడిన పశువు చనిపోతే, ఆ కళేబరాన్ని తిన్న రాబందుల మూత్రపిండాలు చెడి అవి కుప్పకూలాయి. 1992 నుంచి 2007 వరకు జరిపిన లెక్కింపులలో మన దేశంలోని తెల్లవీపు రాబందులు వెయ్యింటికి ఒకటి చొప్పున మాత్రమే మిగిలినట్లు తేలింది. కారణం ఈ మందేనని పాకిస్తాన్‌లో జరిగిన పరిశోధన ద్వారా 2004లో వెల్లడికాగా, మన ప్రభుత్వం 2006లో పశువులకు దీని వాడకాన్ని నిషేధించింది. 2023లో కీటోప్రొఫెన్, అసెక్లోఫెనాక్ మందులను కూడా పశువైద్యం నుంచి తొలగించారు. పశువుకు పనిచేస్తూ రాబందుకు హాని చేయని మెలాక్సికామ్ అందుబాటులో ఉంది.

ఇక సంప్రదాయమంటే అంతా మంచిదే అనుకోవడమూ పొరపాటే. నొప్పి ఉన్నచోట కాల్చిన ఇనుముతో వాతలు పెట్టే పద్ధతి మన పల్లెలలో ఎద్దుల మీదనే కాదు, కుక్కల మీద కూడా ప్రయోగించారు. ఒక నొప్పిని పెద్ద నొప్పితో మరపించడమే అందులోని రహస్యం. దానిని వైద్యమని అనలేము.

జంతువు నొప్పిని చెప్పలేదని అంటాము. చెబుతూనే ఉంటుంది, మనమే వినము. మెట్లెక్కే ముందు కుక్క ఒక్క క్షణం ఆగి చూస్తుంది. లేచేటప్పుడు ముందు కాళ్ల మీద బరువు మోపి వెనుక భాగాన్ని ఈడ్చుకొంటుంది. ఒకే కీలును పదేపదే నాకుతుంది. ఎండ లేకున్నా వగరుస్తుంది. ఎప్పుడూ లేనిది పిల్లలు తాకితే గుర్రుమంటుంది. దీనినంతా మనము ‘ముసలిదైపోయింది’ అన్న ఒక్క మాటతో కొట్టిపారేస్తాము. వార్ధక్యం రోగం కాదు, దానితో వచ్చే కీళ్ల నొప్పి రోగమే, దానికి చికిత్స ఉంది.

పిల్లి మరీ గుట్టుగా ఉంటుంది. అది కుంటడం అరుదు. కిటికీ గట్టు మీదికి దూకడం మానేస్తుంది. ఒళ్లు నాకి శుభ్రం చేసుకోవడం తగ్గించడం వల్ల నడుము దగ్గర బొచ్చు జడలు కడుతుంది. అలవాటైన చోటు విడిచి మరెక్కడో మూత్రం పోస్తుంది. అమెరికాలో 12 సంవత్సరాలు పైబడిన 100 పిల్లుల ఎక్స్‌రేలను పరిశీలించి 2002లో ప్రకటించిన అధ్యయనంలో 90 పిల్లులకు కీళ్ల అరుగుదల కనిపించింది. వాటిలో ఎన్నింటిని యజమానులు నొప్పితో ఉన్నవిగా గుర్తించి ఉంటారు? కెనడాలోని మాంట్రియల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2019లో పిల్లి ముఖకవళికలను బట్టి నొప్పిని అంచనా కట్టే కొలమానాన్ని రూపొందించారు. చెవులు, కళ్లు, మూతి, మీసాలు, తల నిలిపే తీరు అనే అయిదింటికీ సున్నా నుంచి రెండు వరకు మార్కులు వేయాలి. మొత్తం పదింటిలో నాలుగు, అంతకు మించి వస్తే నొప్పిమందు అవసరమని భావిస్తారు. చెవులు పక్కలకు వాలి, కళ్లు సగం మూసి, తల భుజాలకన్న కిందికి వంచి కూర్చున్న పిల్లిని చూసి ‘నిద్రపోతోంది’ అనుకొనేవారు ఈ లెక్కను ఒకసారి వేసి చూడవలెను.

క్రమం అని మొదట అన్నాను. అందులో మొదటి మెట్టు రోగనిర్ణయం. కుంటడానికి కీళ్లవాతమే కారణం కానక్కరలేదు. ఎముక విరగవచ్చు, స్నాయువు తెగవచ్చు, పేలు అంటించిన జ్వరం కావచ్చు, ఎముకలో కంతి కావచ్చు. తైలమర్దనంతో నెల రోజులు గడిపిన తరువాత ఎముక కంతి అని తెలిస్తే ఆ నెలను ఎవరు తిరిగి ఇస్తారు? రెండవ మెట్టు, తీవ్రమైన నొప్పికి పశువైద్యుడు ఇచ్చే నొప్పిమందును జంకకుండా వాడటం. ‘ఇంగ్లీషు మందులు వేడిచేస్తాయి’ అని వాటిని దాచిపెట్టి, మూలికలతోనే నయం చేస్తామని పట్టుబట్టడం స్వచ్ఛత కాదు. ఆ పట్టుదలకు మూల్యం చెల్లించేది మనము కాదు, పక్కలో మూలిగే ఆ ప్రాణి. మంచి మందులకు కూడా దుష్ఫలితాలు ఉంటాయి గనుక దీర్ఘకాలం వాడేటప్పుడు కాలేయం, మూత్రపిండాల పరీక్షలు చేయించాలి. సమన్వయ చికిత్స ఉపయోగం సరిగ్గా ఇక్కడే ఉంది. ఇతర ఉపచారాలు తోడైతే ఆ మందు మోతాదును వైద్యుడు తగ్గించగలుగుతాడు.

ఆ ఉపచారాలలో అన్నిటికన్న బలమైనది సీసాలో దొరకదు. అది బరువు తగ్గించడం. అమెరికాలో 48 లాబ్రడార్ కుక్కలను జంటలుగా విభజించి, ప్రతి జంటలో ఒకదానికి రెండవదానికన్న నాలుగవ వంతు తక్కువ ఆహారం పెట్టి జీవితాంతం పరిశీలించారు. 2002లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం మితాహారం తీసుకొన్నవాటి మధ్యస్థ ఆయుర్దాయం 13 సంవత్సరాలు, రెండవ వర్గానిది 11.2 సంవత్సరాలు. కీళ్ల అరుగుదలకు సగం కుక్కలకు దీర్ఘకాలిక చికిత్స అవసరమైన వయస్సు 10.3 నుంచి 13.3 సంవత్సరాలకు జరిగింది. ఏ లేహ్యమూ, ఏ మాత్రా మూడేళ్ల పాటు నొప్పిని వాయిదా వేసినట్లు నేను వినలేదు. లంఘనం పరమౌషధమన్న మన పెద్దల మాట కుక్కకూ వర్తిస్తుందన్నమాట! మన ఇళ్లలో జరిగేది దీనికి విరుద్ధం. పెరుగన్నం మిగిలితే కుక్కకు, బిస్కెట్లు కొంటే సగం కుక్కకు, పండుగనాడు బూరెలు కుక్కకు. అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో రోజుకు రెండుసార్లు పది నిమిషాల షికారు. వేళ్లతో మెల్లగా నొక్కితే పక్కటెముకలు తగలాలి, పైనుంచి చూస్తే నడుము దగ్గర సన్నబడి కనిపించాలి. అలా లేకపోతే ఆహారం గురించి వైద్యునితో మాట్లాడవలసిందే. పిల్లిని మాత్రం ఒక్కసారిగా పస్తు పెట్టకూడదు; లావుపాటి పిల్లి కొద్ది రోజులు తినకపోయినా కాలేయానికి కొవ్వు పట్టి ప్రమాదం వస్తుంది.

తరువాత చూడవలసినది ఇంటి నేల. నున్నటి గ్రానైటు, టైల్సు మీద కీళ్లు అరిగిన కుక్క అడుగడుగునా జారుతుంది, జారకుండా బిగపట్టుకొని నడుస్తుంది, ఆ బిగువుతో కండరాల నొప్పి మరింత హెచ్చుతుంది. అది నడిచే దారిలో పాత గోనెపట్టాలో, కొబ్బరిపీచు పట్టాలో పరిస్తే మరునాటి నుంచే తేడా కనిపిస్తుంది. గోళ్లు పెరగనీయరాదు. పడక మెత్తగా, నేల చెమ్మ తగలకుండా ఉండాలి. మందుల దుకాణం ఇవ్వలేని ఉపశమనం ఒక్కొక్కసారి ఒక గోనెపట్టా ఇస్తుంది.

కాపడం విషయంలో మన ఇళ్లకు అనుభవం ఉంది. వావిలాకు మూటతో బాలింతలకూ, వృద్ధులకూ కాపడం పెట్టేవారు ఇప్పటికీ ఉన్నారు. పాతబడిన కీళ్ల నొప్పికి, బిగిసిన కండరాలకు కుక్కకు కూడా వెచ్చని కాపడం హాయినిస్తుంది. వేడినీటిలో తడిపి పిండిన గుడ్డను ముందుగా మన మణికట్టు లోపలివైపు ఆనించి చూసి, పది, పదిహేను నిమిషాలు పెడితే చాలు. అది లేచి వెళ్లిపోతానంటే పోనివ్వాలి. కొత్తగా తగిలిన దెబ్బకు మాత్రం మొదటి రెండు మూడు రోజులు కాపడం పనికిరాదు, గుడ్డలో చుట్టిన మంచుముక్కలే మేలు. మర్దనం కూడా మంచిదే, అయితే దానికి నూనె అవసరం లేదు. బొచ్చు మీద పోసిన నూనె చర్మానికి చేరేది కొంతయితే, నాకి మింగేది ఎంతో. వట్టి అరచేత్తో కండరం వెంబడి నెమ్మదిగా నిమిరితే చాలును.

శస్త్రచికిత్స తరువాత కోలుకొనేటప్పుడు వైద్యుని సూచన మేరకు కీళ్లను మెల్లగా వంచి చాచడం, నీటిలో నడిపించడం వంటి వ్యాయామాలు కండరాలు క్షీణించకుండా కాపాడతాయి. సూదివైద్యం నరాల ద్వారా శరీరంలోని సహజ నొప్పి నిరోధకాలను మేల్కొల్పుతుందని చెప్పడానికి ఆధారాలు ఉన్నాయి. జంతువుల మీద జరిగిన అధ్యయనాలు చిన్నవి, ఫలితాలు మిశ్రమం. శిక్షణ పొందిన పశువైద్యుడు దొరికితే ప్రయత్నించవచ్చు.

ఇప్పుడు మూలికలకు వద్దాము. ఆయుర్వేదంలో కీళ్ల వాపులకు పేరుపొందిన శల్లకి, అనగా అందుగు చెట్టు బంకను స్విట్జర్లాండులో కీళ్లు, వెన్నెముక వ్యాధులున్న 24 కుక్కలకు ఇచ్చి చూశారు. రెండు వారాలకే 17 కుక్కలలో మెరుగుదల కనిపించినట్లు 2004లో ప్రకటించారు. ఆశాజనకమైన ఫలితమే. అయితే పోల్చి చూడటానికి మందు ఇవ్వని వర్గం అందులో లేదు. పసుపు సంగతి ఇంకా ఆసక్తికరం. బ్రిటన్‌లో పసుపుజాతి సారాన్ని ఉత్తుత్తి మందుతో పోల్చి కుక్కల మీద పరీక్షించి 2003లో ఫలితాలు వెల్లడించారు. పరీక్షించిన వైద్యులకు మెరుగుదల ఉన్నట్లు తోచింది. కాని కుక్క కాలు నేల మీద ఎంత బలంగా మోపుతున్నదో కొలిచే యంత్రం మాత్రం రెండు వర్గాల మధ్య తేడా చూపలేదు.

కన్ను చూసింది, యంత్రం చూడలేదు. ఎవరిని నమ్మాలి? 2012లో అమెరికాలో ప్రచురితమైన మరొక పరిశీలన దీనికి సమాధానం ఇస్తుంది. ఉత్తుత్తి మందు పుచ్చుకొన్న 58 కుక్కలను తీసుకొని, యజమానుల అభిప్రాయాన్నీ యంత్రపు కొలతనూ సరిపోల్చారు. సగానికి పైగా సందర్భాలలో యజమానులు లేని మెరుగుదలను చూశారు. పశువైద్యులు కూడా అయిదింట రెండుసార్లకు తగ్గకుండా అలాగే భ్రమపడ్డారు. కుక్క మందు మీద నమ్మకం పెట్టుకోదు, ఆ నమ్మకం మనది. మనకు ఊరట కలిగినంత మాత్రాన దానికి కలిగినట్లు కాదు. అందువల్ల ఏ మూలిక మొదలుపెట్టినా ముందుగా కొన్ని గుర్తులను కాగితం మీద రాసుకోవాలి: ఎన్ని మెట్లు ఎక్కుతున్నది, లేవడానికి ఎంతసేపు పడుతున్నది, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నది. నెల తరువాత మళ్లీ చూడాలి. మారకపోతే నిర్మొహమాటంగా ఆపేయాలి.

చేపనూనెకు కుక్కల కీళ్ల నొప్పుల్లో వీటికన్న గట్టి ఆధారాలున్నాయి. శాకాహార కుటుంబాలవారు దానికి బదులు అవిసెగింజలు పెట్టవచ్చునా అంటే, వాటిలోని కొవ్వును కావలసిన రూపంలోకి మార్చుకొనే శక్తి కుక్కకు స్వల్పం, పిల్లికి దాదాపు లేదు.

సహజమైనది గనుక హాని లేదన్న మాట ఈ రంగంలో అత్యంత ప్రమాదకరమైనది. మన మోకాళ్లకు పనిచేసే ‘మహావిషగర్భ తైలం’ పేరులోనే విషం ఉంది. అందులో ఉమ్మెత్త, వత్సనాభి పడతాయి. మనము దానిని నాకము, కుక్క నాకుతుంది. నొప్పి బామ్‌లలోని కర్పూరం, వింటర్‌గ్రీన్ తైలం పిల్లికి విషతుల్యాలు. ఆస్పిరిన్ జాతికి చెందిన ఆ తైలం పిల్లి శరీరంలోంచి బయటపడటానికి చాలాకాలం పడుతుంది. వాతహరమని మనము మెచ్చుకొనే వెల్లుల్లి, దానితోపాటు ఉల్లి, కుక్కలలోనూ పిల్లులలోనూ ఎర్రరక్తకణాలను చిట్లిస్తాయి. ద్రాక్ష, కిస్‌మిస్ పండ్లు కుక్కల మూత్రపిండాలను పాడుచేస్తాయి. కనుక ద్రాక్షారిష్టం, కిస్‌మిస్ కలిసిన లేహ్యం వాటికి పనికిరావు. లోహభస్మాలు, రసౌషధాలు మూగజీవాలకు సొంతంగా వాడటమన్న ఊహే రానీయరాదు.

ఇలా చెప్పినంత మాత్రాన మూలికా వైద్యాన్ని తక్కువ చేస్తున్నానని పాఠకులు అనుకోరాదు. సరైన దారి ఎలా ఉంటుందో చూపే ఉదాహరణ మన కళ్లముందే ఉంది. పాడిపశువుల పొదుగువాపుకు 250 గ్రాముల కలబంద, 50 గ్రాముల పసుపు, 15 గ్రాముల సున్నం కలిపి నూరి, ఆ ఎర్రని ముద్దను నీటితో పలచన చేసి పొదుగంతా రోజుకు ఎనిమిది నుంచి పదిసార్లు పూసే విధానాన్ని తమిళనాడుకు చెందిన ఆచార్య పుణ్యమూర్తి ప్రచారంలోకి తెచ్చారు. జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థ దానిని రైతులలోకి తీసుకొని వెళ్లింది. ఏ జంతువుకు, ఏ రోగానికి, ఏ ద్రవ్యాలు, ఎంత తూకం, ఎన్ని పూటలు అన్నది అందులో స్పష్టం. గుప్తమేమీ లేదు, ఎవరైనా పరీక్షించి చూసుకోవచ్చు. పెంపుడు కుక్కలకూ పిల్లులకూ మూలికా మందులు అమ్మేవారి నుంచి ఇంతపాటి స్పష్టతను మనము కోరడంలో తప్పేమున్నది? డబ్బా మీద ద్రవ్యాల పేర్లు, తూకాలు, ఏ జాతి జంతువులో పరీక్షించారన్న వివరం లేని మందును కొనకపోవడం వినియోగదారుల చేతిలో ఉన్న పని. మన ఆరోగ్య పత్రికలు కూడా మనుష్యులకు చెప్పే ప్రతి తైలం, లేపనం కింద ‘ఇంట్లో పిల్లి ఉంటే వాడరాదు’ అని అవసరమైనచోట ఒక వాక్యం చేర్చాలని నా సూచన. ఒక్క వాక్యానికి ఎంత స్థలం పడుతుంది గనుక!

మూలికలు వాడుతున్నవారు ఆ సంగతిని పశువైద్యుని దగ్గర దాచరాదు. నొప్పిమందుతోపాటు పసుపు సారం వంటివి ఇస్తుంటే రక్తం గడ్డకట్టే తీరులో మార్పు రావచ్చు. శస్త్రచికిత్స ముందు ఇది తెలియడం చాలా అవసరం. కసురుకొంటారేమోనన్న సంకోచంతో చాలామంది ఈ మాట మింగేస్తారు. వాడుతున్న డబ్బాను, చూర్ణపు పొట్లాన్ని, మెట్లు లెక్కపెట్టి రాసుకొన్న ఆ కాగితాన్ని సంచిలో వేసుకొని వెళ్లి బల్ల మీద పెడితే, కసురుకొనే వైద్యుడు కూడా ముందు వాటిని చదువుతాడు.